సీసాకి కుట్టిన జేబు

జూన్ 2

అక్కా,

తమ్ముడు రాస్తున్నాను. నీ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా.

రాయడం నాకు అంతగా రాదు. నీకు తెలుసు. కానీ నీకు చెవుడు, నాకు నోరు లేదు, మనిద్దరికీ ఫోను దండగ అని నువ్వే అన్నావు. అందుకని రాస్తున్నాను.

నీ మరదలి తలలో గడ్డ ఉందని పోయిన ఉత్తరంలో చెప్పాను. ఆపరేషన్ చెయ్యాల్సిందేనని తేల్చారు. ఇక్కడ కుదరదట. మీ అబ్బాయి లిఫ్టులు బాగుచేసే ఆ పెద్దాసుపత్రిలోనే చేస్తారట. రైల్లో రెండు రోజుల కుదుపు పనికిరాదు, విమానంలో తీసుకెళ్ళమన్నాడు డాక్టరు. మీవాడు టిక్కెట్లు తీసి పంపాడు. ఇరవయ్యో తారీఖున ప్రయాణం.

నా భయం ఆపరేషన్ గురించి కాదు. అదీ ఉంది. కానీ ముందున్న భయం వేరే.

మూర్ఛ రాకుండా ఆవిడకి ఒక మందు ఇస్తున్నారు. పాకంలా ఉంటుంది. రోజుకి నాలుగు పూటలు. మాత్ర మింగలేదు, గొంతు పట్టేస్తుంది. సూది లేని సిరంజితో కొలిచి బుగ్గలో పొయ్యాలి. పూట తప్పితే మూర్ఛ వస్తుంది. ఒకసారి తప్పింది. చూశాను. అది రాయలేను.

నా దగ్గర ప్యాంట్లు పొట్టి చేయించుకునే ఒకాయన ఎప్పుడూ విమానాల్లో తిరుగుతాడు. తడిగా ఉన్నది ఏదైనా సరే తనిఖీ దగ్గర లాక్కుని చెత్తడబ్బాలో వేస్తారన్నాడు. మందు కూడానా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. ప్యాంటు మడతపెట్టి ఇచ్చేశాను.

నువ్వు పోయినేడు ఎక్కావు కదా. చెప్పు. మందు లాక్కుంటే, పైన గాల్లో ఆవిడకి వస్తే, నేనేం చెయ్యాలి. అక్కడ దిగుదామంటే దిగడానికి లేదు కదా.

ఇన్నాళ్ళూ నా మాటలు కూడా ఆవిడే మాట్లాడేది. షాపుకొచ్చిన వాళ్ళతో, ఇంటాయనతో, అందరితో. ఇప్పుడు ఆవిడ మాటే తడబడుతోంది. ఇంట్లో మిషన్ చప్పుడు తప్ప ఏం లేదు.

జవాబు తొందరగా రాయి.

తమ్ముడు

*

జూన్ 6

ఒరేయ్ మౌనస్వామీ,

నువ్వు ఇంత పొడుగు ఉత్తరం రాశావంటే కొంపేదో మునిగిందని చదవకముందే అనుకున్నా. మునగలేదులే. అక్క బతికుండగా మునగదు. నా మోకాళ్ళ సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నా, అవి నా మాట వినడం మానేసి చాలా కాలమైంది. లేకపోతే ఈపాటికి నీ ఇంట్లో ఉండేదాన్ని.

విమానం సంగతి చెబుతాను విను. పోయినేడు మావాడి దగ్గరికి వెళ్ళేటప్పుడు నా తలనూనె సీసా చేతిసంచిలో పెట్టుకున్నా. వాడి ఊళ్ళో నూనె నాకు పడదు. అక్కడ ఒక యంత్రం ఉంటుంది. సంచులు అందులోకి పోయి అటువైపు వస్తాయి. నా సంచి రాలేదు. ఒక పిల్ల, నా మనవరాలి ఈడుది, యూనిఫారం వేసుకుని నా సీసా చేత్తో పట్టుకుని నిలబడింది.

"అవ్వా, ఇది వదిలెయ్యాలి" అంది.

"ఎందుకే?" అన్నా.

"వంద మిల్లీలు దాటకూడదు."

"అందులో సగమే ఉంది, కళ్ళు కనపడటం లేదా?" అన్నా.

"సీసా పెద్దదవ్వా. లోపల ఎంతుందో చూడం, సీసా ఎంతో చూస్తాం" అంది.

కావాలంటే నెత్తిన మొత్తం పోసుకుంటా, నూనె నాకు, సీసా నీకు అన్నా. ఆ పిల్ల నవ్వింది కానీ డబ్బాలో వేసింది. ఆ డబ్బాలో ఏమున్నాయనుకున్నావు! సెంట్లు, షాంపూలు, తేనె, ఏదో పసిపిల్ల పాలసీసా కూడా ఉన్నట్టు అనిపించింది. నా కళ్ళు అంత మంచివి కాదులే.

దీనికి అంత బెంగెందుకు? చిన్న చిన్న సీసాల్లో పోసుకో. వంద లోపు ఉంటే ఏమనరు. పెట్టెలో పెట్టి కిందికి మాత్రం పంపకు. నా పెట్టె ఒకసారి నాకంటే ముందు వేరే ఊరు చూసొచ్చింది.

మరదలికి నేను అడిగానని చెప్పు. దాన్ని నవ్వించు. నీకు రాదు, అయినా ప్రయత్నించు.

దీవెనలతో
అక్క

*

జూన్ 10

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఏం జరిగిందో రాస్తున్నాను. తిట్టకు.

చిన్న సీసాలు నా దగ్గరే ఉన్నాయి. మిషన్ నూనెవి. ఖాళీ అయినవి పారెయ్యను, నీకు తెలుసుగా. వేడినీళ్ళలో సబ్బు వేసి ఉడికించాను. మేడ మీద ఎండలో పెట్టాను. వాసన చూశాను. ఏం లేదనిపించింది. నా ముక్కుకి ఆ నూనె అలవాటు, అందుకే తెలియలేదు. మందంతా వాటిల్లో సర్దాను. పెద్ద సీసా పాతసామాన్ల వాడికి ఇచ్చేశాను.

మధ్యాహ్నం సిరంజితో బుగ్గలో పోశాను. ఆవిడ ముక్కు చిట్లించింది. "న...నన్నేమన్నా కుట్టుమిషన్ అనుకున్నారా" అంది. తడబడుతూనే అంది. ఇద్దరం నవ్వాం. చాలా రోజులయింది నవ్వి.

సాయంత్రం చూస్తే మందు మీద సన్నగా నూనె తేలింది. కింద మందు చిక్కబడిపోయింది. అయినా పోశాను. వేరే ఏముంది. కక్కేసింది. మళ్ళీ పోశాను, మళ్ళీ కక్కింది.

ఆవిడ నా మిషన్ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. అక్కడే వచ్చింది. మిషన్ మీదకి ఒరిగిపోయింది. కాలు తొక్కుడుచెక్క మీద టకటకా కొట్టుకుంది. గుడ్డ లేదు, దారం లేదు. మిషన్ నడిచింది అక్కా. దానంతట అది నడుస్తోంది. నేను చక్రం పట్టుకుని ఆపాను. ఆవిడని పట్టుకోవాలని ఆ క్షణంలో తోచలేదు.

పక్కింటాయన ఆటోలో ఎక్కించాడు. ఆసుపత్రిలో సూది మందు వేశారు. ఇప్పుడు బాగానే ఉంది. మాటలు ఇంకా తగ్గాయి. నా పేరు అడిగితే చెప్పింది కానీ నువ్వు ఎవరో గుర్తు చెయ్యాల్సి వచ్చింది.

మందుల షాపతను ఎక్కడెక్కడో అడిగి ఇంకో సీసా తెప్పించాడు. ఇదొక్కటే ఉంది, మళ్ళీ సరుకు ఎప్పుడొస్తుందో చెప్పలేను తాతా అన్నాడు. పెద్ద సీసా. మూతకి సీలు ఉంది. చూస్తూ కూర్చున్నాను.

చిన్న సీసాల్లో పొయ్యలేను. పెద్ద సీసా పోనివ్వరు. ఏం చెయ్యను.

తమ్ముడు

*

జూన్ 11

ఒరేయ్ తమ్ముడూ,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నా. నేను నీకు తప్పు చెప్పాను.

నిన్న మావాడు కోడలితో ఫోన్లో మాట్లాడుతుంటే నీ సంగతి చెప్పించా. వాడు అక్కడి నుంచి అరిచిన అరుపు నా చెవిటి చెవికి కూడా వినపడింది. "అమ్మ చెప్పిందా? మందుకి ఆ లెక్క లేదు! తలనూనెకీ మూర్ఛ మందుకీ తేడా లేదా?" అన్నాడట. కోడలు సగమే చెప్పింది, నాకు మర్యాద ఇచ్చి.

మందు ఎంత కావాలంటే అంత తీసుకెళ్ళవచ్చట. పెద్ద సీసా అయినా సరే. షాపులో ఇచ్చిన సీసాలోనే ఉండాలట, దాని మీది కాయితంతో సహా. డాక్టరు దగ్గర ఒక చీటీ రాయించుకోవాలట, ఈ మనిషికి ఈ మందు దారిలో తప్పదు అని. అక్కడ సంచిలోంచి తీసి విడిగా ఆ ప్లాస్టిక్ పళ్ళెంలో పెట్టాలట. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళు అడగకముందే నువ్వే చెప్పాలట.

ఇదిగో, ఇక్కడికొచ్చేసరికి నాకు చెమట పట్టింది. వాళ్ళు అడిగితేనే నువ్వు చెప్పవు. అడగకముందు ఏం చెబుతావు?

చిన్నప్పుడు మాస్టారు హాజరు పిలిస్తే నువ్వు ఉండి కూడా 'ఉన్నాను' అనేవాడివి కాదు. నేను మా తరగతి నుంచి పరిగెత్తుకొచ్చి "వీడు ఉన్నాడండీ" అని చెప్పేదాన్ని. ఇప్పుడు పరిగెత్తడానికి నాకు మోకాళ్ళు లేవు.

అద్దం ముందు నిలబడి అనుకో. రోజూ అనుకో. "అమ్మా, ఇది మా ఆవిడ మందు. మూర్ఛకి. ఇదిగో చీటీ." అంతే. నాలుగు ముక్కలు. ఒక జాకెట్టు కుట్టేలోగా వచ్చేస్తాయి.

చిన్న సీసాల్లో పోసెయ్యలేదు కదా? పోసెయ్యలేదని రాయి.

అక్క

*

జూన్ 14

అక్కా,

నేను చిన్న సీసాల్లో పోసేశాకే నీ ఉత్తరం అందింది. నా ఉత్తరం నీకు ఈపాటికి అంది ఉంటుంది. నీ తప్పేం లేదు. మిషన్ నూనె సీసాలు వాడమని నువ్వు చెప్పలేదు.

అద్దం ముందు అనుకున్నాను. షాపులో అద్దం ఉంది కదా, బట్టలు వేసుకుని చూసుకునేది. "అమ్మా, ఇది మా ఆవిడ మందు" వరకు వచ్చింది. వెనక కొలతలకి వచ్చినావిడ నిలబడి ఉంది. "ఎవరితో మాట్లాడుతున్నావయ్యా?" అంది. తర్వాత ఆవిడ కొలతలు తప్పు రాసుకున్నాను. మళ్ళీ అనుకోలేదు.

చీటీ కోసం ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్నాను. నా వంతు వచ్చింది. లోపలికి వెళ్ళాను. డాక్టరు ఏదో రాసుకుంటున్నాడు. తలెత్తి "ఏంటి తాతా, ఆవిడకెలా ఉంది?" అన్నాడు. బాగుందన్నాను. "ఇంకేమన్నా కావాలా?" అన్నాడు. ఏం వద్దన్నాను. బయటికొచ్చాక గుర్తొచ్చింది, కావలసింది ఉందని. మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాను. ఆయన భోజనానికి వెళ్ళిపోయాడు. సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. తలుపు దాకా వెళ్ళి వచ్చేశాను.

నువ్వు భయపడకు. దారి దొరికింది.

యూనిఫారం వాళ్ళతో మాట్లాడే పనే లేదు. ఆవిడ లోపలి లంగాకి జేబు కుట్టాను. కుడివైపు, కుచ్చెళ్ళ కింద. సీసా అందులో సరిగ్గా పడుతుంది. సంచుల గుడ్డతో కుట్టాను, గట్టిగా ఉంటుంది. సీసా జారి పడకుండా జేబు మూతి కూడా కుట్టేస్తాను. రెండు వరసల కుట్టు. పైన చీర కడితే ఎవరు చూసినా తెలీదు. యంత్రంలోకి సంచులే కదా పోయేది. మనుషులు పోరు కదా.

ప్రయాణం రోజు మధ్యాహ్నం మందు ఇంట్లోనే పోస్తాను. తర్వాత జేబు కుట్టేస్తాను. సాయంత్రం మందు వేళకి దిగిపోతాం. దిగాక విప్పుతాను. దారం కత్తెర చొక్కా జేబులో పెట్టుకుంటాను.

ఆవిడ వద్దంది. "అడిగితే పోయేదానికి కుట్టడమెందుకు" అంది. ఆ మాట అనడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. నేను సూది చూస్తూ కూర్చున్నాను.

దర్జీవాడికి చేతనైంది చేశాను అక్కా.

తమ్ముడు

*

జూన్ 17

ఒరేయ్!

జేబు విప్పు. ఈ ఉత్తరం అందితే మిగతాది చదవకుండా ముందు జేబు విప్పు.

విప్పావా? ఇప్పుడు చదువు. సంచులు ఒక్కటే కాదురా యంత్రంలోకి పోయేది. మనుషులని కూడా ఒక గుమ్మంలోంచి నడిపిస్తారు. అది కూత పెడుతుంది. ఆ తర్వాత మగవాళ్ళని మగవాళ్ళు తడుముతారు. ఆడవాళ్ళని విడిగా తెర వెనక్కి తీసుకెళ్ళి ఒక పీట ఎక్కించి మెడ దగ్గర్నుంచి పాదాల దాకా తడుముతారు. నూనె సీసా కథ చెప్పే సరదాలో ఇది చెప్పడం మర్చిపోయా. దానికి నవ్వు రాదుగా, అందుకే మర్చిపోయి ఉంటా.

తెర వెనక మరదలు ఒక్కతే ఉంటుంది. నువ్వు ఉండవు. "ఏంటిది?" అని అడిగితే ఆ తడబడే నోటితో అదేం చెబుతుంది? లోపలి బట్టలో మూతి కుట్టేసిన సీసా దొరికితే వాళ్ళు మందనుకుంటారా? వాళ్ళు ఏమనుకుంటారో తలచుకుంటే నాకు అన్నం దిగడం లేదు. కోడలు కంచం తీసేసింది.

కోడలి చేత నీకు ఫోన్ చేయించా. "జేబు విప్పెయ్యమంటున్నారు, చీటీ తీసుకోమంటున్నారు" అని చెప్పిందట. నువ్వు "ఆ, సరే" అని పెట్టేశావట. "సరేనన్నారు అత్తయ్యా" అని అది సంబరంగా వచ్చింది. నీ 'సరే' దానికేం తెలుసు! నీకు సరే అంటే ఫోను పెట్టెయ్యమని. మరదలికి ఇమ్మని మళ్ళీ చేయించా. ఎవరూ తియ్యలేదు.

మావాడికి చెబితే, మావయ్యతో నేను మాట్లాడతా అన్నాడు. వాడితో కూడా సరే అనే ఉంటావు.

తమ్ముడూ, వాళ్ళు మనుషులేరా. ఆ నూనె సీసా పిల్ల చివర్లో నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. అది నీకు రాయలేదు. తిట్టడం రాశా కానీ అది రాయలేదు.

ఈ ఉత్తరం నీకు ఇరవై లోపు చేరాలని దేవుడికి దణ్ణం పెడుతున్నా. విప్పు.

అక్క

*

జూన్ 22

అక్కా,

ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. నీ ఆఖరి ఉత్తరం ఇంటికి వచ్చి ఉంటే తలుపు కింద పడి ఉంటుంది. నేను చూడలేదు. కానీ నువ్వు అందులో ఏం రాసి ఉంటావో నాకు తెలుసు.

ఇద్దరం బతికే ఉన్నాం. ముందు అది చెప్పాలి కదా. ఆపరేషన్ ఎల్లుండి.

జరిగింది రాస్తాను.

మధ్యాహ్నం ఇంట్లో మందు పోసి, సీసా జేబులో పెట్టి, మూతి కుట్టి బయలుదేరాం. అక్కడికి వెళ్ళాక విమానం ఆలస్యం అన్నారు. తెర మీద రాశారు. మళ్ళీ ఆలస్యం అన్నారు. లోపలికి పోయే వరస కదల్లేదు. ఆవిడకి చక్రాల కుర్చీ ఇస్తామన్నాడు ఒకతను. నేను తల ఊపాను. ఏ వైపు ఊపానో తెలీదు, అతను వెళ్ళిపోయాడు. ఆవిడ నా భుజం పట్టుకుని నిలబడింది. సాయంత్రం మందు వేళ దగ్గరపడింది. సీసా ఆవిడ మీదే ఉంది. తీసి పొయ్యాలంటే అందరి ముందూ ఎలా తియ్యను. తనిఖీ అయిపోనీ, అటువైపు ఎక్కడన్నా చాటు చూద్దాం అనుకున్నాను. వేళ దాటింది.

చెప్పులు, నా బెల్టు, సంచి పళ్ళెంలో పెట్టమన్నారు. చొక్కా జేబులో కత్తెర తీసేసుకున్నారు. దారం కత్తెరే. వేలెడుంటుంది. ఇప్పుడు ఆ జేబు దేంతో విప్పను.

ఆవిడని అటు వెళ్ళమన్నారు. ఆడవాళ్ళకి వేరే. నల్ల తెర ఉంది. అలా ఉంటుందని నాకు తెలీదు అక్కా. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. తెర పడింది.

నేను ఇటువైపు చేతులు చాపి నిలబడ్డాను. ఒకతను నన్ను తడుముతున్నాడు. తెర వెనక నుంచి గొంతు వినపడింది.

"ఏంటమ్మా ఇది?"

జవాబు లేదు.

"లోపల ఏం పెట్టారు? గట్టిగా ఉందేంటి? తియ్యండి."

"కుట్టేసి ఉంది. ఎందుకు కుట్టారు? అమ్మా, మిమ్మల్నే. కదలకండి. సార్, ఒకసారి ఇటు ఎవరినన్నా పంపండి."

తర్వాత చప్పుడు. చెక్క మీద కాలు కొట్టుకునే చప్పుడు. టకటకటకా. అక్కడి వాళ్ళకి అది ఏంటో తెలీదు. నాకు తెలుసు.

నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు. అంత పెద్ద హాలు. అందరూ తిరిగి చూశారు. నన్ను తడిమే అతను నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకున్నాను. ఇంకొకతను చొక్కా పట్టుకున్నాడు. భుజం దగ్గర పిగిలింది. నేను కుట్టిన చొక్కా కాదది, కొన్నది. తెర తోసుకుని వెళ్ళాను.

ఆవిడ పీట మీద ఒరిగి ఉంది. యూనిఫారం అమ్మాయి రెండు చేతులతో పట్టుకుని ఉంది, పడిపోకుండా. పూర్తిగా రాలేదు ఇంకా. కాలొక్కటే. కళ్ళు నా వైపే ఉన్నాయి.

"మూర్ఛ. మందు. ఆ జేబులో ఉంది. ఇప్పుడే పొయ్యాలి" అన్నాను.

ఆ అమ్మాయి నన్ను చూసింది. ఒక్క క్షణం. ఆ క్షణం చాలా పొడుగు అక్కా. తర్వాత తెర లాగేసి, "తొందరగా తియ్యి తాతా" అంది.

లాగాను. రాలేదు. నా కుట్టు. రెండు వరసలు. నా జన్మలో అంత గట్టి కుట్టు వెయ్యలేదు. గోళ్ళు విరిగాయి. వంగి పళ్ళతో కొరికాను. కింద మిగిలినవి నాలుగు పళ్ళే కదా. మొదటి వరస తెగింది. రెండోది తెగలేదు. ఆ అమ్మాయి మెళ్ళో ఉన్న గుర్తింపు కార్డు తీసి దాని అంచు కుట్టులో దూర్చి గుంజింది. ఇద్దరం గుంజాం. సీసా బయటపడింది.

సిరంజి సంచిలో ఉండిపోయింది. "సిరంజి! ఆ ఆకుపచ్చ సంచిలో ఉంది, తెచ్చివ్వండి!" అన్నాను. ఎవరికి చెప్పానో తెలీదు. తెర కింద నుంచి ఎవరిదో చెయ్యి సిరంజి అందించింది.

పోశాను. మెల్లగా, బుగ్గలో. మింగింది. ఆ కాలు ఎప్పటికి ఆగిందో నాకు తెలీదు. ఆ అమ్మాయి కింద కూర్చుని ఆ పాదాన్ని చేత్తో నొక్కి పట్టుకుంది.

తర్వాత అక్కడి డాక్టరు వచ్చాడు. ఆవిడని పడుకోబెట్టారు. నన్ను ఒక గదిలోకి తీసుకెళ్ళారు. పెద్దాఫీసరు ఒకాయన సీసా బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"మందేగా ఇది. పేరు ఉంది, షాపు బిల్లు ఉంది. పళ్ళెంలో పెట్టి ఒక్క మాట చెబితే నిమిషంలో పంపేవాళ్ళం. ఎందుకు దాచారు?"

"అడగాలంటే భయమేసింది" అన్నాను.

"ఎవరంటే?"

"మీరంటే."

ఆయన సీసా తిప్పి చూశాడు. "మీరు మాకు భయపడ్డారు. మేం మీ సీసాకి భయపడ్డాం. మధ్యలో ఆవిడ పోయేది" అన్నాడు.

మీవాడికి ఫోన్ చేశారు. మా డాక్టరుకి చేశారు. చీటీ ఎందుకు తీసుకోలేదని డాక్టరు అడిగాడట. "నా తలుపు దాకా వచ్చి వెళ్ళిపోయాడు, నేను చూశాను" అని కూడా చెప్పాడట.

మా విమానం వెళ్ళిపోయింది. తర్వాతి దాంట్లో ఎక్కించారు. సీసా నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. కిటికీలోంచి చూడలేదు. ఆవిడ పాదం చూస్తూ కూర్చున్నాను.

మీవాడు దిగిన చోటికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

తమ్ముడు

*

జూన్ 26

తమ్ముడూ,

ఉత్తరం కోడలి చేత చదివించుకున్నా. నా కళ్ళద్దాలు మసకబారాయి. మళ్ళీ నేనే చదువుకున్నా. మళ్ళీ కోడలి చేత.

తిట్లన్నీ దాచి పెట్టా. మరదలు లేచి కూర్చున్నాక ఇద్దరినీ కలిపి తిడతా. అది నీ మాట విని ఆ లంగా ఎలా కట్టుకుంది? నిన్ను కట్టుకున్నప్పుడే దాని తెలివి తెలిసిందిలే.

ఆపరేషన్ సంగతి తెలిసింది. మావాడు ఫోన్ చేసి "అయ్యింది, ఇంకా కళ్ళు తెరవలేదు" అన్నాడట. ఆ 'ఇంకా' అనే మాట పట్టుకుని నేను రెండు రోజులుగా కూర్చున్నా. ఇంటి ముందు ఎవరు సైకిల్ ఆపినా నీ కబురే అనుకుంటున్నా.

ఒకటి అడుగుతా. అక్కడ నువ్వు అరిచావన్నావు. నా తోడబుట్టినవాడు అరవడం నేను పుట్టాక వినలేదు. చెవులు బాగున్న రోజుల్లో కూడా. ఏమని అరిచావురా?

అక్క

*

జూలై 1

అక్కా,

కళ్ళు తెరిచింది. ముందు అది.

తెరవని మూడు రోజులు ఎలా గడిచాయో రాయను. గది బయట కుర్చీ ఉంది. లోపలికి ఎవరు పరుగెత్తినా లేచి నిలబడేవాడిని. కళ్ళు తెరిచాక కూడా నన్ను పోల్చుకోలేదు ఒక పూట. మర్నాడు పోల్చుకుంది. "చొక్కా చిరిగింది" అంది. అదే మొదటి మాట. ఇంకా అదే చొక్కాతో ఉన్నానని అప్పుడు చూసుకున్నాను.

ఆ మందు ఇంకా చాలా రోజులు వాడాలట. తిరుగు ప్రయాణానికి చీటీ కావాలి. డాక్టరమ్మ రాగానే లేచి అడిగాను. "మందు విమానంలో తీసుకెళ్ళాలి. చీటీ రాసివ్వండి." డాక్టరమ్మ నా మొహంలోకి చూసింది. "భయపడకండి, తగ్గిపోతుంది" అంది. మా ఆవిడ రోగం గురించి నా భయం అనుకుంది. దిద్దలేదు. చీటీ రాసిచ్చింది.

నువ్వు అడిగినదానికి. నాకు నిజంగా గుర్తు లేదు. అందుకని ఆవిడనే అడిగాను. తెర వెనక ఏమన్నా వినపడిందా అన్నాను.

"పీట, ఆ అమ్మాయి మొహం, ఏవీ గుర్తు లేవు" అంది. "మీరు పిలవడం వినపడింది."

"ఏమని? మందనా?"

"కాదు. నా పేరు."

పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను ఆవిడని పేరు పెట్టి పిలవలేదు అక్కా. ఇదిగో అంటాను. లేకపోతే దగ్గరికి వెళ్ళి నిలబడతాను, ఆవిడే తిరిగి చూస్తుంది. పేరు నోట్లో ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు.

"అంతమందిలోనా" అన్నాను.

"ఊరంతా విన్నారు" అంది. కాసేపు కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. "కిందికి జారిపోతున్నట్టుంది అప్పుడు. అది విని ఆగాను" అంది. ఇంత పొడుగు మాట తడబడకుండా అంది.

నర్సు వచ్చి కట్టు మార్చాలి, బయటికెళ్ళండి అంది. తెర లాగింది. ఇక్కడ కూడా తెర ఉంది. ఆకుపచ్చది. బయట నిలబడ్డాను. లోపల ఆవిడ మూలిగింది. తర్వాత చప్పుడు లేదు. మూలుగు కూడా లేదు.

తెర దగ్గరికి వెళ్ళాను. వార్డులో అందరూ ఉన్నారు. పిలిచాను. మెల్లగానే. పేరు పెట్టి.

"ఉన్నాను" అంది.

తమ్ముడు